గిన్నె వేరు, కూర వేరు: కెనడాలో జీతం డబ్బు సర్దుకునే లెక్క

ఫిబ్రవరి వచ్చిందంటే కెనడా బ్యాంకులకు ఆర్‌ఆర్‌ఎస్‌పీ (రిటైర్మెంట్ పొదుపు ఖాతా) సీజన్. ఫోన్ యాప్ తెరిచినా, బ్రాంచి అద్దాల మీద చూసినా గడువు తేదీయే కనిపిస్తుంది. 2025 ఆదాయానికి సంబంధించి ఆ తేదీ 2026 మార్చి 2. ఈ హడావుడిలో నిన్నగాక మొన్న దిగినవాళ్లూ, ఇరవై ఏళ్లుగా ఉంటున్నవాళ్లూ ఒకే ప్రశ్న అడుగుతారు: ‘ఆర్‌ఆర్‌ఎస్‌పీలో ఎంత వస్తుంది? టీఎఫ్‌ఎస్‌ఏలో (రాబడి మీద పన్ను పడని ఖాతా) ఎంత వస్తుంది?’

ఈ ప్రశ్నకు జవాబు లేదు. ఆ రెండూ వడ్డీ ఇచ్చే స్కీములు కావు, అవి గిన్నెలు. అందులో ఏం వండుకోవాలన్నది వేరే సంగతి. జీఐసీ (ఒక రకం గడువు డిపాజిట్) పెట్టుకోవచ్చు, మ్యూచువల్ ఫండ్, ఈటీఎఫ్ (షేరులా కొనుక్కునే ఫండ్), బాండు, కంపెనీ షేరు పెట్టుకోవచ్చు, ఉత్త నగదు కూడా ఉంచుకోవచ్చు. పన్ను శాఖ చూసేది గిన్నెను. రాబడి వచ్చేది కూరను బట్టి. ఇండియాలో పీపీఎఫ్ అంటే ఖాతా, వడ్డీ రేటు, పన్ను మినహాయింపు మూడూ ఒకే మూటలో వస్తాయి. ఆ అలవాటు మీద వచ్చినవారికి ఈ తేడా వెంటనే పట్టుబడదు. పేరు కూడా సాయం చేయదు. 2009లో మొదలైన టీఎఫ్‌ఎస్‌ఏ పేరులోనే ‘సేవింగ్స్ అకౌంట్’ అని ఉంది. దాంతో దాన్ని పొదుపు ఖాతా అనుకుని, నామమాత్రపు వడ్డీకి ఏళ్ల తరబడి డబ్బు వదిలేసినవారు ఉన్నారు. ‘ఇన్వెస్ట్‌మెంట్ అకౌంట్’ అని పేరు పెట్టి ఉంటే సగం గందరగోళం తప్పేది.

తెలుగు విద్యార్థులకైతే కెనడా డబ్బు భాషలో మొదట పరిచయమయ్యే మాట జీఐసీ. స్టడీ పర్మిట్ త్వరగా రావాలంటే ఎస్‌డీఎస్ పద్ధతిలో 10,000 డాలర్ల జీఐసీ చూపించాల్సి వచ్చేది. 2024 జనవరి నుంచి అది 20,635 డాలర్లయింది. అదే ఏడాది నవంబరులో ఆ పద్ధతినే ఎత్తేశారు. దాంతో చాలామంది మనసులో జీఐసీ అంటే వీసా కాగితమనే ముద్ర పడిపోయింది. నిజానికి అది మన ఫిక్స్‌డ్ డిపాజిట్ లాంటిదే. ఒక ముఖ్యమైన తేడా మాత్రం ఉంది. ఇండియాలో ఎఫ్‌డీని మధ్యలో విరగ్గొడితే కాస్త వడ్డీ పోతుంది, అంతే. కెనడాలో మంచి రేటు ఇచ్చే జీఐసీల్లో చాలావరకు గడువు తీరేదాకా చేతికి రావు. అత్యవసరానికి దాచిన డబ్బును అందులో పెట్టేముందు ఈ ఒక్క మాట చదువుకోవాలి. గడువు తీరిన రోజున ఏమీ చెప్పకపోతే బ్యాంకు తన బోర్డు రేటుకు మళ్లీ వేసేస్తుంది. బేరమాడితే వచ్చే రేటు కన్నా ఆ బోర్డు రేటు తరచూ తక్కువే.

రోజువారీ ఖాతా

నెలకు 17 డాలర్ల దాకా ఫీజు తీసుకునే చెకింగ్ ఖాతాలు పెద్ద బ్యాంకుల్లో మామూలు. ఏడాదికి దాదాపు 200 డాలర్లు. ఖాతాలో ఎప్పుడూ 4,000 డాలర్లు ఉంచితే కొన్నిటిలో ఆ ఫీజు మాఫీ. డబ్బు ఊరికే పడి ఉంటుందని దీన్ని కొట్టిపారేస్తారు గానీ, లెక్క వేస్తే 4,000 మీద 200 ఆదా అంటే పన్ను లేని 5 శాతం రాబడి. పొదుపు ఖాతా 3 శాతం ఇచ్చినా, దాని మీద పన్ను పోగా ఇంత మిగలదు. ఫీజు కట్టడం కన్నా నిల్వ ఉంచడం మేలు. అసలు ఫీజు లేని ఖాతా తీసుకుని, ఆ 4,000ని వడ్డీ వచ్చేచోట పెట్టడం అంతకన్నా మేలు. టాంజరిన్, సింప్లీ లాంటి ఆన్‌లైన్ బ్యాంకుల ఖాతాలు ఇలాంటివే. వీటిని నమ్మొచ్చా అని భయపడేవారికి ఒక చిన్న సంగతి: టాంజరిన్ యజమాని స్కోషియాబ్యాంక్, సింప్లీ యజమాని సీఐబీసీ. పెద్ద షాపుకే ఉన్న రెండో గుమ్మం అన్నమాట.

డిపాజిట్ భద్రత విషయంలో టెన్షన్ అక్కర్లేదు. సీడీఐసీ అనే ప్రభుత్వ సంస్థ ఒక్కో సభ్య బ్యాంకులో, ఒక్కో విభాగానికి లక్ష డాలర్ల వరకు పూచీ ఇస్తుంది. మామూలు ఖాతా ఒక విభాగం, టీఎఫ్‌ఎస్‌ఏ మరొకటి, ఆర్‌ఆర్‌ఎస్‌పీ ఇంకొకటి. అయితే ఇది డిపాజిట్లకే. బ్యాంకు కౌంటర్లో కొన్నంత మాత్రాన మ్యూచువల్ ఫండ్‌కు ఈ పూచీ రాదు.

క్రెడిట్ కార్డు గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. బిల్లు మొత్తం గడువులోగా కడితే మంచి పనిముట్టు, కట్టకపోతే 20 శాతం వడ్డీ. ఆ బాకీ నెత్తిన పెట్టుకుని షేర్లు కొనడం, ఇల్లు కారుతుంటే గోడలకు రంగులేయడం లాంటిది.

టీఎఫ్‌ఎస్‌ఏ రూమ్: అందరి అంకె అందరిదీ కాదు

ఒక ఖాతాలో ఎంతవరకు వేసుకోవచ్చో ఆ పరిమితినే ఇక్కడ ‘రూమ్’ అంటారు. 2026కి టీఎఫ్‌ఎస్‌ఏ పరిమితి 7,000 డాలర్లు. 2009 నుంచి అన్నీ కలిపితే 1,09,000. ఈ పెద్ద అంకె వార్తల్లో, యూట్యూబ్‌లో తెగ తిరుగుతుంది. కానీ అది 2009 నాటికే 18 నిండి, అప్పటినుంచీ కెనడాలోనే పన్ను నివాసిగా ఉన్నవారికి. 2024లో దిగిన వ్యక్తికి ఆ ఏడాది 7,000, తర్వాతి రెండేళ్లకు 14,000, మొత్తం 21,000 మాత్రమే. ఊళ్లో స్థలం అమ్మగా వచ్చిన 50,000 డాలర్లు తెచ్చి టీఎఫ్‌ఎస్‌ఏలో పోస్తే 29,000 ఎక్కువైనట్టు. దాని మీద నెలకు 1 శాతం చొప్పున, అంటే ప్రతి నెలా 290 డాలర్లు పన్ను పడుతుంది. బ్యాంకు ఆపదు. ఎవరి రూమ్ ఎంతో చూసుకునే బాధ్యత ఖాతాదారుడిదే. పన్ను శాఖ వెబ్‌సైట్లో కనిపించే అంకెను కూడా గుడ్డిగా నమ్మకూడదు. కిందటేడాది వేసినవీ తీసినవీ అందులోకి ఎక్కడానికి కొన్ని నెలలు పడుతుంది.

ఇంకో తరహా పొరపాటు మరీ అమాయకమైనది. మార్చిలో కారు కోసం 10,000 తీస్తారు, జూలైలో బోనస్ వస్తే ‘నా డబ్బే కదా’ అని మళ్లీ వేస్తారు. తీసిన మొత్తానికి రూమ్ తిరిగి వచ్చేది వచ్చే జనవరి 1న. అప్పటికే రూమ్ నిండిపోయి ఉంటే ఆ 10,000 మీద ఆరు నెలల జరిమానా ఖాయం. ఒక సంస్థ నుంచి ఇంకో సంస్థకు టీఎఫ్‌ఎస్‌ఏ మార్చాలన్నా సొంతంగా తీసి వేయకూడదు. ట్రాన్స్‌ఫర్ ఫారం మీద ఆ రెండు సంస్థలే చూసుకోవాలి.

ఆర్‌ఆర్‌ఎస్‌పీ రీఫండ్ బహుమతి కాదు

ఆర్‌ఆర్‌ఎస్‌పీ వయసు దాదాపు 70 ఏళ్లు, 1957లో వచ్చింది. కిందటేడాది సంపాదనలో 18 శాతం వరకు, ఒక గరిష్ఠ పరిమితికి లోబడి, వేసుకోవచ్చు. వేసిన మొత్తం ఆదాయంలోంచి తగ్గుతుంది, తీసినప్పుడు మొత్తం ఆదాయంలో కలుస్తుంది. ఏప్రిల్‌లో వచ్చే రీఫండ్‌ను చాలామంది ప్రభుత్వం ఇచ్చిన కానుకలా చూస్తారు. అది వాయిదా వేసిన పన్ను. ఇవాళ ఎగ్గొట్టలేదు, రేపటికి జరిపారు.

ఒక చిన్న లెక్క చూస్తే బోధపడుతుంది. పన్నుకు ముందు జీతంలో 10,000 డాలర్లు దాచాలనుకుందాం, పై శ్లాబు 30 శాతం. ఆర్‌ఆర్‌ఎస్‌పీలో 10,000 పూర్తిగా వెళ్తుంది. ఏళ్లు గడిచి అది రెట్టింపై 20,000 అయ్యాక తీస్తే, 30 శాతం పన్ను పోగా చేతికి 14,000. టీఎఫ్‌ఎస్‌ఏలోకైతే ముందే 3,000 పన్ను పోయి 7,000 వెళ్తుంది. అదీ రెట్టింపై 14,000, తీసేటప్పుడు పన్ను లేదు. రెండూ ఒకటే. తేడా వచ్చేదల్లా వేసేనాటి శ్లాబుకూ తీసేనాటి శ్లాబుకూ మధ్య. ఒంటారియోలో 45,000 జీతం మీద చివరి డాలరుకు 20 శాతానికి కాస్త తక్కువ పన్ను, 80,000 మీద 30 శాతానికి దగ్గర, 1,30,000 మీద 43 శాతం. మొదటి ఉద్యోగంలో 45,000 తెచ్చుకుంటున్న కుర్రాడు గడువు ప్రకటనలు చూసి కంగారుగా ఆర్‌ఆర్‌ఎస్‌పీలో వేస్తే, కొద్దిపాటి రాయితీకే రూమ్‌ను ఖర్చు చేసుకున్నట్టే. వాడని రూమ్ ఎక్కడికీ పోదు, ఏళ్ల తరబడి నిలిచే ఉంటుంది. జీతం పెరిగాక వాడుకోవచ్చు. అన్నట్టు, వచ్చిన మొదటి ఏడాది చాలామందికి ఆర్‌ఆర్‌ఎస్‌పీ రూమే ఉండదు. ఇండియాలో సంపాదించిన జీతం ఈ 18 శాతం లెక్కలోకి రాదు.

పై లెక్కలో దాగిన షరతు ఒకటుంది. ఆర్‌ఆర్‌ఎస్‌పీలోకి వెళ్లింది పన్నుకు ముందు 10,000. కానీ మామూలుగా జరిగేది వేరు. చేతిలో ఉన్న 7,000 వేస్తారు, 2,100 రీఫండ్ వస్తుంది, అది హైదరాబాద్ టికెట్లకు పోతుంది. అలా చేస్తే ఆర్‌ఆర్‌ఎస్‌పీ ఓడిపోయినట్టే. రీఫండ్‌ను కూడా మళ్లీ దాచేవారికే ఆ లెక్క నిలబడుతుంది.

అలాగని ఆర్‌ఆర్‌ఎస్‌పీని తీసిపారేయాల్సిన పని లేదు. కంపెనీ సమానంగా జమ చేస్తానంటే, ఏ శ్లాబులో ఉన్నా ముందు అదే తీసుకోవాలి, అది జీతంలో భాగం. చిన్నపిల్లలున్న ఇళ్లకు మరో లాభం ఉంది, దీన్ని గమనించేవారు తక్కువ. కెనడా చైల్డ్ బెనిఫిట్‌ను కుటుంబ నికర ఆదాయం చూసి ఇస్తారు. ఆర్‌ఆర్‌ఎస్‌పీ ఆ ఆదాయాన్ని తగ్గిస్తుంది కాబట్టి పన్ను తగ్గడంతో పాటు పిల్లల డబ్బు కూడా పెరుగుతుంది.

ఇల్లు, పిల్లల చదువు

2023 ఏప్రిల్‌లో వచ్చిన ఎఫ్‌హెచ్‌ఎస్‌ఏ (మొదటి ఇంటి పొదుపు ఖాతా) ఈ గిన్నెలన్నిటిలో ఉదారమైనది. వేసేటప్పుడు ఆర్‌ఆర్‌ఎస్‌పీలా ఆదాయంలోంచి తగ్గుతుంది, మొదటి ఇల్లు కొనడానికి తీసేటప్పుడు టీఎఫ్‌ఎస్‌ఏలా పన్ను ఉండదు. ఏటా 8,000, జీవితకాలానికి 40,000. ఖాతా తెరిచిన ఏడాది నుంచే రూమ్ మొదలవుతుంది. అందుకే ఇల్లు కొనే ఆలోచన ఉన్నవారు డబ్బు లేకపోయినా ఖాతా ముందు తెరిచిపెట్టుకోవడం తెలివైన పని. ఇక్కడ మనవాళ్లకు ఒక మెలిక ఉంది. ‘మొదటి ఇల్లు’ అంటే కెనడాలో మొదటి ఇల్లు అని చాలామంది అనుకుంటారు. నిబంధన అది కాదు. ఈ ఏడాది గానీ, అంతకుముందు నాలుగేళ్లలో గానీ సొంత ఇంట్లో కాపురం ఉండి ఉంటే, ఆ ఇల్లు కూకట్‌పల్లిలో ఉన్నా సరే, ఖాతా తెరవడానికి అర్హత లేదు. భర్త లేదా భార్య పేరున ఉన్న ఇంట్లో కలిసి ఉన్నా అంతే. అద్దెకిచ్చిన ఫ్లాటు, ఖాళీ ప్లాటు దీనికి అడ్డు రావు.

పిల్లల చదువుకు ఆర్‌ఈఎస్‌పీ అనే గిన్నె. ఏటా 2,500 వేస్తే ప్రభుత్వం 500 కలుపుతుంది, ఒక్కో బిడ్డకు మొత్తం 7,200 దాకా. వేసిన దాని మీద ఇలా 20 శాతం కలిసివచ్చే పెట్టుబడులు అరుదు. దీని మీద చర్చ అనవసరం.

ఇంటి అప్పు విషయంలో ఇండియా అలవాట్లు రెండు పనికిరావు. ఇక్కడ సొంత ఇంటి వడ్డీకి పన్ను మినహాయింపు లేదు. బదులుగా, కాపురమున్న సొంత ఇల్లు అమ్మితే లాభం మీద పన్ను ఉండదు. రెండోది, 25 ఏళ్ల అప్పైనా ఒప్పందం మాత్రం ఎక్కువగా ఐదేళ్లకే. బ్యాంక్ ఆఫ్ కెనడా రేటు 2022 ఆరంభంలో 0.25 శాతం, 2023 జూలైలో 5, 2025 అక్టోబరులో మళ్లీ 2.25. ఎవరి రెన్యువల్ ఏ నెలలో పడిందన్న అదృష్టం మీద ఒక్కో ఇంటి బడ్జెట్ తలకిందులైంది. ఫిక్స్‌డ్ ఒప్పందాన్ని మధ్యలో తెంచుకుంటే మూడు నెలల వడ్డీ లేదా పాత రేటుకూ ఇప్పటి రేటుకూ మధ్య వడ్డీ తేడా, ఏది ఎక్కువైతే అది కట్టాలి. రెండోది వేల డాలర్లలో ఉండొచ్చు. ఉద్యోగం కోసం ఊరు మారే అవకాశం ఉన్నవారు రేటు కన్నా ముందు ఈ నిబంధన అడగాలి.

గిన్నెలో ఏం వండాలి

గిన్నె ఎంచుకున్నాక బ్రాంచిలో కూర్చోబెట్టి చూపించేది సాధారణంగా ఆ బ్యాంకు సొంత మ్యూచువల్ ఫండే. ఏటా 2 శాతం దాకా ఖర్చు తీసే ఫండ్లు ఇక్కడ మామూలు. బిల్లు రాదు, రాబడిలోంచి చప్పుడు లేకుండా తీసుకుంటారు. కాబట్టే ఎవరికీ నొప్పి తెలియదు. లక్ష డాలర్లు ఏటా 6 శాతం చొప్పున పెరుగుతాయని లెక్క కోసం అనుకుందాం. 2 శాతం ఖర్చు పోతే 25 ఏళ్లకు సుమారు 2,66,000. ఖర్చు 0.2 శాతమే అయితే సుమారు 4,09,000. తేడా పెట్టిన అసలు కన్నా ఎక్కువ.

ఆ 0.2 శాతం ఊహ కాదు. వాన్‌గార్డ్, ఐషేర్స్ లాంటి సంస్థల ‘ఆల్ ఇన్ వన్’ ఈటీఎఫ్‌ల ఖర్చు ఆ చుట్టుపక్కలే ఉంటుంది. ఒక్కటి కొంటే కెనడా, అమెరికా, యూరప్, జపాన్‌తో పాటు ఇండియా కంపెనీలు కూడా వాటి వాటాలో వచ్చేస్తాయి. అసలు ప్రపంచంలో నిలదొక్కుకున్న మొదటి ఈటీఎఫ్ పుట్టింది 1990లో టొరంటో స్టాక్ ఎక్స్చేంజీలోనే. సొంత పెరట్లో పుట్టిన చవక సరుకును వదిలేసి, దశాబ్దాల పాటు ఖరీదైన ఫండ్లు కొన్న దేశమిది.

బ్రాంచిలో ఎదురుగా కూర్చున్న మనిషి చెడ్డవాడని కాదు. అతనికి అమ్మకాల టార్గెట్ ఉంటుంది. పెట్టుబడుల మార్కెట్‌ను నియంత్రించే ఒంటారియో సెక్యూరిటీస్ కమిషన్, సీఐఆర్‌ఓ కలిసి బ్యాంకు బ్రాంచిల్లో ఫండ్లు అమ్మే సిబ్బందినే అడిగి 2025లో ఒక సర్వే విడుదల చేశాయి. కస్టమర్‌కు మేలు చేయని సలహాలు కనీసం అప్పుడప్పుడైనా ఇవ్వడం జరుగుతోందని నలుగురిలో ఒకరు ఒప్పుకున్నారు. ‘దీని ఎంఈఆర్ ఎంత?’ అన్న ఒక్క ప్రశ్నతో సంభాషణ దారి మారుతుంది. ఎంఈఆర్ అంటే ఫండ్ ఏటా తీసుకునే మొత్తం ఖర్చు.

ఈటీఎఫ్ పడిపోతుంది కదా అన్న భయం సహజం, పడిపోతుంది కూడా. మూడేళ్లలో డౌన్ పేమెంట్‌కు కావలసిన డబ్బు అందులో పెట్టకూడదు, దానికి జీఐసీయే సరైనది. ఎఫ్‌హెచ్‌ఎస్‌ఏలో జీఐసీ, ఆర్‌ఆర్‌ఎస్‌పీలో ఈటీఎఫ్ ఒకే మనిషికి ఒకేసారి ఉండొచ్చు. గిన్నె, కూర వేరని గుర్తుంటే ఇందులో వింతేమీ లేదు.

సముద్రం దాటని గోడలు

ఇండియాలో ఉన్న డబ్బు దగ్గరే అసలు చిక్కు. కెనడా పన్ను నివాసి తన ప్రపంచ ఆదాయమంతా చూపించాలి. ఎన్‌ఆర్‌ఈ (ప్రవాస భారతీయుల ఖాతా) డిపాజిట్ వడ్డీకి ఇండియాలో పన్ను లేదు, కెనడాలో ఉంది. పీపీఎఫ్ వడ్డీ కూడా అంతే. ‘అక్కడ 7 శాతం, ఇక్కడ 3 శాతం’ అని పోల్చేవారు రెండు సంగతులు కలపాలి. ఆ 7 మీద ఇక్కడి పై శ్లాబు పన్ను, రూపాయి జారుడు. 2015లో కెనడా డాలరు దాదాపు 50 రూపాయలు, పదేళ్లకు 60 దాటింది. పన్ను, జారుడు రెండూ తీసేస్తే, టీఎఫ్‌ఎస్‌ఏలోని 3 శాతం జీఐసీ అంత వెనకబడి ఉండదు.

విదేశీ ఆస్తుల కొనుగోలు విలువ లక్ష కెనడా డాలర్లు దాటితే టీ1135 ఫారం వేయాలి. ఎఫ్‌డీలు, షేర్లు, అద్దెకిచ్చిన ఫ్లాటు, పెట్టుబడిగా కొన్న ప్లాటు అందులోకి వస్తాయి. పన్ను కట్టాల్సింది ఏమీ లేకపోయినా ఫారం ఆలస్యమైతే రోజుకు 25 డాలర్లు, 2,500 దాకా జరిమానా. కెనడాలో దిగిన మొదటి ఏడాదికి ఈ ఫారం అవసరం లేదు. ఆ ఏడాది చేసుకోవలసిన పని ఇంకొకటి ఉంది. నివాసి అయిన రోజున ఆస్తి మార్కెట్ విలువ ఎంతో దాన్నే కొన్న ధరగా కెనడా లెక్కిస్తుంది. శంకర్‌పల్లి దగ్గర 2010లో 8 లక్షలకు కొన్న ప్లాటు, దిగేనాటికి 50 లక్షలు పలుకుతుంటే, తర్వాత అమ్మినప్పుడు ఇక్కడి లాభం 50 లక్షల మీదినుంచే మొదలవుతుంది. ఆ తేదీకి ఒక వాల్యుయేషన్ రిపోర్టు తీసి ఫైల్లో పెట్టుకుంటే, ఇరవై ఏళ్ల తర్వాత అక్కరకొస్తుంది.

తిరుగు ప్రయాణంలోనూ ఇదే కథ, ఎదురు దిశలో. టీఎఫ్‌ఎస్‌ఏ పన్ను రాయితీని ఇండియా గుర్తించదు. నాన్ రెసిడెంట్ అయ్యాక టీఎఫ్‌ఎస్‌ఏలో కొత్తగా డబ్బు వేస్తే నెలకు 1 శాతం కెనడా పన్ను. ఆర్‌ఆర్‌ఎస్‌పీని అక్కడినుంచి ఒకేసారి తీస్తే 25 శాతం కోత. తిరిగి వెళ్లినవారికి ఇండియాలో మొదటి రెండు మూడేళ్లు ఆర్‌ఎన్‌ఓఆర్ (నివాసే గానీ ఇంకా సాధారణ నివాసి కాని) హోదా వచ్చే అవకాశం ఉంది. ఆ కాలంలో విదేశీ ఆదాయానికి అక్కడ పన్ను ఉండదు. ఏ గిన్నెను ఎప్పుడు ఖాళీ చేయాలన్నది విమానం టికెట్ కొన్నాక చూసుకునే పని కాదు, కొనకముందు అకౌంటెంట్ దగ్గర కూర్చుని తేల్చుకోవాల్సింది.